నాక్టువా ఎన్‌హెచ్-పి1: ఫ్యాన్ లేని కూలర్

రాత్రిపూట సినిమా పెట్టుకుంటే ఇంటెల్ ఐ5-6500 ప్రాసెసర్ ఉన్న మా పాత డెస్క్‌టాప్‌లోంచి వచ్చే గుయ్‌మనే మోతకి విసిగిపోయి చివరికి ప్రాసెసర్‌ని చల్లబరిచే ఈ కూలర్ కొన్నాను. ఫ్యాన్ ఉండదు. వేడిని రేకులకి చేరవేసే ఆరు హీట్‌పైపులు, ఎడం ఎడంగా మందపాటి అల్యూమినియం రేకులు, బరువు దాదాపు 1.2 కిలోలు, చేతిలోకి తీసుకుంటే ఇటుక పట్టుకున్నట్టే ఉంది. వేడిగాలి దానంతట అదే పైకి పోవాలి కాబట్టి క్యాబినెట్ పైన జాలీ ఉండి తీరాలి. మాదేమో మూసేసి ఉండేది, మొదటిరోజు గంటలోనే ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటేసరికి టెన్షన్ వచ్చింది, పైమూత తీసేశాక 70 దగ్గర ఆగింది. 65 వాట్ల ప్రాసెసర్‌కి హాయిగా సరిపోతుంది, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. ఇప్పుడు గదిలో వినిపించేది హార్డ్ డిస్క్ టిక్‌టిక్ ఒక్కటే, వచ్చే నెల దాని బదులు చప్పుడు చేయని ఎస్‌ఎస్‌డీ వేయిస్తా.