కాకి తెలివా, కుక్క తెలివా: ఏది మేలు?

మా డాబా పిట్టగోడ మీదకి రోజూ పొద్దున ఆరున్నరకి ఒక కాకి వస్తుంది. అదే వేళకి కింద గేటు దగ్గర ఒక వీధి కుక్క నిలబడుతుంది. రాత్రి మిగిలిన చపాతీ తుంచి చెరో తునక వేస్తాను. కుక్క తన వాటా గుటుక్కున మింగేసి మళ్ళీ నా మొహం చూస్తుంది. కాకి అలా కాదు. ఎండి గట్టిపడ్డ తునకని ముక్కున కరుచుకుని, పిట్టల కోసం పెట్టిన నీళ్ళ మూకుడు దగ్గరికి గెంతుకుంటూ వెళ్తుంది. నీళ్ళలో ముంచి, తీసి, ముక్కుతో ఓసారి నొక్కుతుంది. ఇంకా గట్టిగా ఉంటే మళ్ళీ ముంచుతుంది. మెత్తబడ్డాకే తింటుంది. నా వైపు చూసిందంటే, నేనెంత దూరంలో ఉన్నానో తెలుసుకోవడానికే.

మా అమ్మాయి లెక్కలో కుక్కదే పైచేయి. "పిలిస్తే వస్తుంది, కోప్పడితే తెలుసుకుంటుంది, కాకికి ఏం తెలుసు నాన్నా?" అంటుంది. నాది మొదటినుంచీ కాకి పక్షం. రెండేళ్ళుగా సాగుతున్న ఈ వాదన పుణ్యమా అని ఈ రెండింటి మీద జరిగిన పరిశోధనలు వెతికి చదువుతూ వచ్చాను. నా పక్షం మారలేదు గానీ, కుక్క మీద గౌరవం మాత్రం చాలా పెరిగింది.

ముందు జ్ఞాపకం సంగతి. కాకి కుటుంబానికే చెందిన స్క్రబ్ జే అనే పక్షి అమెరికాలో ఉంటుంది. తిండి దొరికినప్పుడు అక్కడక్కడా పాతిపెట్టుకుని తర్వాత తవ్వుకు తింటుంది. నికోలా క్లేటన్, ఆంథనీ డికిన్సన్ అనే శాస్త్రవేత్తలు 1998లో ఈ పక్షుల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు చేసుకునే ట్రేలు తెచ్చి, వాటిలో ఇసుక నింపి, పక్షుల చేత కొన్ని గుంటల్లో పురుగులు, కొన్నిట్లో వేరుశనగ గింజలు దాచిపెట్టించారు. పురుగులంటే వాటికి ప్రాణం. కానీ పురుగు కుళ్ళిపోతుంది, గింజ కుళ్ళదు. ఆ సంగతి పక్షులకి ముందే అనుభవంలోకి వచ్చేలా చేశారు. దాచిన 4 గంటలకి వదిలితే నేరుగా పురుగుల దగ్గరికి వెళ్ళాయి. 124 గంటల తర్వాత వదిలితే పురుగుల్ని వదిలేసి గింజల వైపు వెళ్ళాయి. వాసన పట్టి వెళ్ళాయనడానికి లేదు, ఎందుకంటే పరీక్షకి ముందే తిండి మొత్తం తీసేసి కొత్త ఇసుక పోశారు. పురుగు కుళ్ళుతుందని తెలియని పక్షులు మాత్రం ఎన్ని గంటలు గడిచినా పురుగుల కోసమే వెళ్ళాయి. అంటే ఏం దాచాను, ఎక్కడ దాచాను, దాచి ఎంతసేపైంది, ఈ మూడూ ఆ పిడికెడు పక్షి బుర్రలో ముడిపడి ఉన్నాయి. "మొన్న మంగళవారం వండిన పులుసు ఇప్పటికి పాడైపోయి ఉంటుంది" అని మనం అనుకోవడానికి వాడే జ్ఞాపకం సరిగ్గా ఇలాంటిదే.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది 2001లో క్లేటన్, నేథన్ ఎమెరీ కలిసి చూపించిన విషయం. దాచుకునేటప్పుడు ఇంకో పక్షి చూసిందనుకోండి, తర్వాత ఒంటరిగా దొరికిన సమయంలో ఈ పక్షి ఆ తిండిని తీసి వేరే చోటికి మారుస్తుంది. అయితే అన్నీ కాదు. అంతకుముందు తాము ఇతరుల తిండి దొంగిలించిన పక్షులే ఇలా జాగ్రత్తపడ్డాయి. దొంగతనం అనుభవం లేనివి మార్చలేదు. పాము కాళ్ళు పామెరుగు అని మన పెద్దలన్నది ఊరికే కాదు.

మొహాల జ్ఞాపకంలోనూ కాకిది గట్టి బుర్ర. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ మార్జలఫ్ బృందం 2006లో ఆదిమానవుడి మాస్కు పెట్టుకుని ఏడు కాకుల్ని పట్టి, కాళ్ళకి గుర్తులు కట్టి వదిలేసింది. ఆ తర్వాత ఆ మాస్కుతో క్యాంపస్‌లో ఎవరు నడిచినా కాకులు వెంటపడి అరిచాయి. వేరే మాస్కు పెట్టుకుంటే పట్టించుకోలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అరిచే కాకుల సంఖ్య తగ్గలేదు సరికదా, పెరిగింది. వలలో పడనివి, అప్పటికి పుట్టనివి కూడా ఆ మొహం మీద పగబట్టాయి. తోటి కాకులు, తల్లిదండ్రులు అరవడం చూసి నేర్చుకున్నాయన్నమాట. గూటి దగ్గర ఒకసారి కాకిని అదిలించిన మనిషిని వేసవంతా ఆ కాకులు తలమీద తన్నడం మనలో చాలామంది చూసిందే.

మరి కుక్క? చేజర్ అనే బోర్డర్ కాలీ కుక్కకి జాన్ పిల్లీ అనే అమెరికన్ సైకాలజీ ప్రొఫెసర్ మూడేళ్ళు కూర్చుని 1022 బొమ్మల పేర్లు నేర్పారు. ఏది అడిగితే అది తెచ్చేది. 2011లో అచ్చయిన ఈ పరిశోధన చదివినప్పుడు ముందు చేజర్‌కి, ఆ వెంటనే ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది. అయితే అన్ని కుక్కలకీ ఈ శక్తి ఉండదు, చాలా కుక్కలకి రెండు బొమ్మల పేర్లు నేర్పడమే కష్టం. బుడాపెస్ట్‌లో క్లాడియా ఫుగాజా బృందం 2016లో ఇంకోటి చూపించింది. యజమాని చేసిన పనిని, అది తనకి పనికొస్తుందని ముందుగా తెలియకపోయినా, ఒక గంట తర్వాత అడిగితే కుక్కలు గుర్తు తెచ్చుకుని చేశాయి. కాకపోతే గంట గడిచేసరికి ఆ జ్ఞాపకం బాగా పలచబడింది. అయిదు రోజుల తర్వాత కూడా లెక్క తప్పని జే పక్షి పక్కన పెడితే, ఈ విషయంలో నా మార్కులు కాకి కుటుంబానికే.

చిక్కుముడి విప్పడంలోనూ అంతే. కుండలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చుకున్న కాకి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమెరీ 2009లో దాన్ని రూక్ అనే కాకి జాతి పక్షులతో నిజంగా చేయించారు. గాజు గొట్టంలో సగానికి నీళ్ళు, పైన తేలే పురుగు, పక్కన రాళ్ళు. పక్షులు పైనుంచి తొంగిచూసి, రాళ్ళు ఒక్కొక్కటే వేసి, నీళ్ళు అందేంత పైకి వచ్చాకే ముక్కు పెట్టాయి. చిన్న రాళ్ళకన్నా పెద్ద రాళ్ళు ఎంచుకున్నాయి. ఈ రూక్‌లు అడవిలో పనిముట్లు వాడే రకం కాకపోవడం దీనిలోని విశేషం.

ఇదే సందర్భంలో కుక్క ఏం చేస్తుందో ఆడమ్ మిక్లోషీ బృందం 2003లో చూపింది. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్ళకీ, కుక్కలకీ ముందు ఒక తేలిక పని నేర్పారు, తర్వాత అది అసాధ్యమయ్యేలా బిగించేశారు. తోడేళ్ళు తంటాలు పడుతూనే ఉన్నాయి. కుక్కలు కాసేపు ప్రయత్నించి, తల తిప్పి మనిషి మొహంలోకి చూశాయి. నాకు మొదట ఇది ఓటమిలా కనిపించింది. ఇప్పుడలా అనిపించడం లేదు. పక్కన సాయం చేసేవాడున్నాడని తెలిసినప్పుడు అడగడం కూడా ఒక తెలివే. కుక్క అసలు బలం అక్కడే మొదలవుతుంది.

రెండు గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద తిండి పెట్టి, వేలు పెట్టి చూపించండి. చింపాంజీ మన దగ్గరి చుట్టమే అయినా ఈ పరీక్షలో తడబడుతుంది. కుక్కకి ఇది మంచినీళ్ళ ప్రాయం. నేర్పబట్టి వచ్చిందా అంటే, ఎమిలీ బ్రే బృందం 2021లో రెండు నెలల వయసున్న 375 కుక్కపిల్లల్ని పరీక్షించింది. అవి కూడా మొదటినుంచే వేలు చూపిన వైపు వెళ్ళాయి. వాటి మధ్య తేడాల్లో 40 శాతానికి పైగా పుట్టుకతో వచ్చినవేనని లెక్క తేలింది. మన వీధి కుక్కల మీద కూడా పని జరిగింది. కోల్‌కతాలో ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం ఏ తర్ఫీదూ లేని కుక్కలకి ఇదే పరీక్ష పెట్టింది. దాదాపు సగం భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. అదే బృందం 2017లో చెప్పిన మాట నాకు మరీ ఇష్టం: కొత్త మనిషిని వీధి కుక్క నమ్మేలా చెయ్యడంలో తిండికన్నా తల నిమరడమే ఎక్కువ పనిచేసింది.

ఈ తెలివి ఎలా పుట్టింది? సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో దిమిత్రీ బెల్యాయెవ్ 1959లో నక్కల పెంపకం మొదలుపెట్టారు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి బెదరని పిల్లల్నే ఎంచి వాటి సంతతిని పెంచారు. తెలివిని చూసి ఎంచలేదు. అయినా 2005లో బ్రయన్ హేర్ పరీక్షిస్తే, ఆ నక్క పిల్లలు కుక్కపిల్లలంత బాగా మనిషి వేలిని అర్థం చేసుకున్నాయి. భయం పోవడంతో మనిషి మనసు చదివే దారి తెరుచుకుందన్నమాట. కుక్క కనీసం 15 వేల ఏళ్ళుగా మన గుమ్మం ముందు ఉంది. ఆ దారి దానికి ఎంత బాగా తెలిసిందో గేటు దగ్గర రోజూ చూస్తున్నాను.

కాకి దారి పూర్తిగా వేరు. పక్షులూ, మనలాంటి పాలిచ్చే జంతువులూ దాదాపు 32 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. మనకి ఆలోచనంతా మెదడు పైనుండే పొరల్లో జరుగుతుంది. పక్షికి అలాంటి పొరలు లేవని, అందుకే దానిది వట్టి పుట్టుక గుణమని చాలాకాలం శాస్త్రవేత్తలే నమ్మారు. 2016లో పక్షి మెదళ్ళలో నాడీకణాలు లెక్కపెట్టి చూస్తే ఆ నమ్మకం నిలబడలేదు. కాకుల్లో పెద్దదైన రేవెన్ మెదడు 14 గ్రాములు, అంటే మూడు టీస్పూన్ల పంచదారంత. దానిలో ఆలోచనకి సంబంధించిన భాగంలో 120 కోట్ల నాడీకణాలున్నాయి. అంతకన్నా ఎన్నో రెట్లు బరువైన కుక్క మెదడు పైపొరలో ఉన్నవి 53 కోట్ల దాకా. కణాల లెక్కే తెలివి అని నేననను. కానీ పొరలు లేకుండా, వేరే కట్టుబడితో, అంత చిన్న చోట ప్రకృతి ఆలోచనని రెండోసారి కట్టిందే, అది నన్ను రాత్రిళ్ళు కూడా ఆలోచనలో పడేస్తుంది. కాకి పక్షాన నేను నిలబడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

మా అమ్మాయి దగ్గర ఒక బాణం ఉంది. "మరి కోకిల గుడ్డు సంగతేంటి?" మనిషి మొహాన్ని ఏళ్ళ తరబడి మర్చిపోని కాకి, తన గూట్లో చేరిన చిన్న గుడ్డుని కనిపెట్టలేదు. మా వీధి వేపచెట్టు మీద ఒక వేసవిలో చూశాం, కాకి తన నోటి ముద్ద తెచ్చి కోకిల పిల్ల నోట్లో పెడుతుంటే. ఆ పిల్ల అరుపు వేరు, రంగు వేరు, అయినా కాకి పెడుతూనే ఉంది. దీనికి నా దగ్గరున్న జవాబు ఇంతే: గుడ్డుని అనుమానించి పొరపాటున సొంత గుడ్డే పారేస్తే నష్టం చాలా పెద్దది. కోకిల పిల్ల ప్రతిసారీ కాకి పిల్లల్ని తోసెయ్యదు కూడా. గూట్లో ఉన్నదానికల్లా తిండి పెట్టే గుణమే కాకికి మొత్తం మీద లాభించి ఉంటుంది. మొహాల జ్ఞాపకం ఎదిగిన బుర్రలో గుడ్ల జ్ఞాపకం కూడా ఎదిగి తీరాలనేం లేదు.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంటుంది. దాచుకోవడం, గుర్తుంచుకోవడం, ఒంటరిగా చిక్కు విప్పుకోవడం, ఇవి తెలివైతే కాకి ముందు. ఎదుటి ప్రాణి ఏం చెప్పదలచుకుందో పట్టుకోవడం తెలివైతే కుక్క దరిదాపుల్లోకి కాకి రాదు. రెండూ కలిపి ఒక్కదాన్నే ఎంచమంటే, నా ఓటు కాకికి.

పోయిన ఆదివారం అమ్మాయి రెండు కొబ్బరి చిప్పలు వాకిట్లో బోర్లించి, ఒకదాని కింద చపాతీ తునక పెట్టింది. గేటు తీసి కుక్కని పిలిచి వేలు చూపించింది. కుక్క అమ్మాయి వేలు చూసింది, మొహం చూసింది, సరైన చిప్ప దగ్గరికి వెళ్ళి కాలితో దొర్లించింది. ఎన్నిసార్లు మార్చి పెట్టినా దాదాపు ప్రతిసారీ అంతే. పిట్టగోడ మీదనుంచి కాకి ఇదంతా చూస్తూనే ఉంది. మేం కాఫీకి లోపలికి వెళ్ళి వచ్చేసరికి రెండు చిప్పలూ వెల్లకిలా పడి ఉన్నాయి, ఆఖరుసారి పెట్టిన తునక నీళ్ళ మూకుడులో నానుతోంది.