కాజిల్‌టన్ మినీబస్సు యాత్రకు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి

మాంచెస్టర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ప్రతి వారాంతం కనబడే "పీక్ డిస్ట్రిక్ట్ (ఇక్కడికి దగ్గరలోని కొండల ప్రాంతం) ఒక్కరోజు యాత్ర, అన్ని టికెట్లూ కలిపి" అనే ప్రకటన ఎవరిదో ఇక్కడున్న చాలామందికి తెలుసు కాబట్టి పేరు రాయవలసిన పని లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో మొన్న శనివారం మేము ఆ బస్సు ఎక్కాము. కాజిల్‌టన్ గ్రామంలో పెవెరిల్ కోట, పీక్ కేవర్న్ గుహ, పక్కనే మామ్ టార్ కొండ, కొండ మీద నడిచేటప్పుడు దారి చూపే మనిషి, మధ్యాహ్న భోజనం అన్నీ కలిపి తలకు 65 పౌండ్లు అన్నారు. ఇవి కాక "మామ్ టార్ ప్రవేశ రుసుము" పేరిట తలకు మరో 8 పౌండ్లు విడిగా తీసుకున్నారు. చివరికి అందినది భోజనం పొట్లం ఒక్కటే.

ముందుగా ఆ 8 పౌండ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో ఏ పొరపాటూ లేదు, అది తెలిసి చేసిన మోసం. 517 మీటర్ల ఎత్తున్న మామ్ టార్ నేషనల్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ సంరక్షణలో ఉంది. పైకి వెళ్ళే రాతి పలకల దారిలో ఎవరైనా, ఏ రోజైనా, ఒక్క పెన్నీ కట్టకుండా నడవవచ్చు. అక్కడ డబ్బు తీసుకునేది కింద కారు పార్కులో బండి నిలిపినందుకే తప్ప మనిషి నడిచినందుకు కాదు. దారి మొదట్లో గొళ్ళెం వేసిన చెక్క గేటు తప్ప టికెట్ కిటికీ అన్నదే లేదు. మా ముందు కుక్కను పట్టుకుని వచ్చిన ఒక పెద్దావిడ గొళ్ళెం తీసి, మాకోసం గేటు పట్టుకుని, నవ్వి వెళ్ళిపోయింది. మా చేతుల్లో మాత్రం "హిల్ ఎంట్రీ" అని అచ్చువేసిన పసుపు కూపన్లు ఉన్నాయి, వాటిని చూపించడానికి మనిషే లేడు.

దారి చూపే మనిషి కూడా రాలేదు. మేము పై నుంచి దిగి వచ్చేసరికి కారు పార్కులో బస్సు లేదు. ఫోను చేస్తే, యాత్ర నడిపే మనిషి, "రోడ్డు మూసేశారు అన్నా, బస్సు పైకి రాదు, మీరే ఊళ్ళోకి దిగి రండి" అన్నాడు. మూసేసిన రోడ్డు ఒకటి అక్కడ ఉన్నమాట నిజమే, కానీ దాన్ని మూసింది 1979లో. మామ్ టార్ తూర్పు వైపు నేల నిరంతరం కిందికి జారుతూ ఉండడం వల్ల పాత ఏ625 రోడ్డును ఎన్నిసార్లు బాగుచేసినా నిలవక, ఆ ఏడాది శాశ్వతంగా వదిలేశారు. అప్పటి నుంచి కార్లవంటి చిన్న బండ్లు విన్నట్స్ పాస్ అనే సున్నపురాతి లోయ గుండా తిరుగుతున్నాయి. మేము ఫోనులో మాట్లాడుతున్న ఆ క్షణంలో కూడా కార్లు ఆ దారినే ఎక్కి వస్తున్నాయి. ఆ దారి ఏటవాలు ఎక్కువ, నడిచేవారికి కాలిబాట లేదు, కాబట్టి పెద్దవాళ్ళతో అటు వెళ్ళే ధైర్యం చేయక, బ్లూ జాన్ గుహ పక్కగా ఆ విరిగిన పాత రోడ్డు మీదనే దిగాము. తారు పొరలు మడత కాజాలా విడిపోయి, కొన్నిచోట్ల మనిషి నడుమెత్తున తెగి ఉన్నాయి, వాటి మీద నడి రోడ్డు తెల్లగీత ఇంకా కనబడుతోంది. కాళ్ళలో బలమున్నవారికి అది చూసి తీరవలసిన చోటు. మోకాలి నొప్పితో ఉన్న డెబ్బయ్యేళ్ళ మా నాన్నగారు మాత్రం ఆ తారు అంచు మీద కూర్చుని, "మీరు వెళ్ళండి నాయనా, నేను మెల్లగా వస్తాను" అన్నారు.

ఊళ్ళోకి చేరాక జరిగినదాన్ని నేను మరచిపోలేకపోతున్నాను. కోట దగ్గర, "పైకి ఎక్కితే గంట పడుతుంది, కింద నుంచి ఫోటో తీసుకోండి చాలు" అన్నాడు. సరే, నాన్నగారు ఎక్కలేరు కదా అని ఊరుకున్నాను. గుహ దగ్గరికి వెళ్తే, "ఈరోజు స్లాట్లు అయిపోయాయి" అన్నాడు. నేను కౌంటర్‌లో అడిగాను. అతని పేరు మీద గానీ, ఆ యాత్ర గ్రూపు పేరు మీద గానీ ఆ రోజుకు అసలు బుకింగే లేదని, తరువాతి విడతలో ఖాళీలు ఉన్నాయని అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మాట అతని ముందు పెడితే, తలదించుకోవలసిన మనిషి గొంతు పెంచాడు. బస్సులోని వారందరూ వింటుండగా, మా నాన్నగారి ముఖం మీదనే, "ఈ మాత్రం డబ్బుకి ఇంత గొడవా? నడవలేని ముసలాళ్ళని తీసుకొచ్చి నా టైం పాడుచేసింది మీరు" అన్నాడు. ఫోనులో "అమ్మానాన్నల్ని నా సొంతవాళ్ళలా చూసుకుంటాను అన్నా" అన్నది ఈ నోరే. నాన్నగారు నా చేయి పట్టుకుని, "పోనీలేరా, గుహ చూడకపోతే ఏమైంది" అన్నారు. డబ్బు పోయినందుకు కన్నా, తప్పు చేసినవాడు నిలబడి అరుస్తుంటే ఏ తప్పూ లేని పెద్దమనిషి సర్దుకుపోవలసి రావడం నా కడుపు మండిస్తోంది. ఆ రాత్రి డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే, "నో రిఫండ్" అని ఒక్క ముక్క రాసి నన్ను గ్రూపులోనుంచి తీసేశాడు.

ఆ ఊరు ఎంత మంచిదో చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పీక్ కేవర్న్ ఊళ్ళోంచి వాగు వెంట కొద్ది నిమిషాల నడకలోనే ఉంది. ఆ బ్రహ్మాండమైన గుహ ముఖద్వారంలో ఒకప్పుడు తాళ్ళు పేనేవాళ్ళు ఇళ్ళు కట్టుకుని కాపురం ఉన్నారు. ఊరి మీద నిలిచిన కోటను నార్మన్లు 11వ శతాబ్దంలో కట్టగా, అందులోని చదరపు బురుజును ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ 12వ శతాబ్దంలో కట్టించాడు. దాన్ని పాత కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటోంది. కోటకు, గుహలకు టికెట్ ఉంటుంది, వాటిని ఎవరికి వారు నేరుగా కొనుక్కోవచ్చు. కొండలకు, పసుపు బాణం గుర్తున్న కాలిబాటలకు టికెట్ ఉండదు. మామ్ టార్ నుంచి హాలిన్స్ క్రాస్ మీదుగా లూజ్ హిల్ దాకా సాగే కొండ శిఖరపు దారి అంతా ఉచితమే. మాంచెస్టర్ పికడిలీ నుంచి షెఫీల్డ్ వైపు, హోప్ అనే స్టేషనులో ఆగే రైలు ఎక్కి అక్కడ దిగితే కాజిల్‌టన్ సుమారు మూడు కిలోమీటర్లు. పెద్దవాళ్ళు ఉంటే ఊళ్ళో వాగు, గుహ చూపించండి, కోట వెనక కేవ్ డేల్ లోయలోకి మాత్రం తడి రోజుల్లో తీసుకెళ్ళకండి, అక్కడి సున్నపురాళ్ళు బాగా జారతాయి.

ఈ ఆదివారానికి కూడా బస్సు ఉందని నిన్న మళ్ళీ ప్రకటన వచ్చింది. ఇప్పటికే డబ్బు కట్టినవారు బస్సు ఎక్కకముందే గుహ బుకింగ్ నంబరు అడిగి, గుహవాళ్ళకు ఫోను చేసి అది నిజమో కాదో తెలుసుకోండి. ఇంకా కట్టనివారు బ్యాంకు ఖాతాకు పంపకండి, కార్డు తీసుకోనంటే ఆ బేరం వదులుకోండి. నేను ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వినియోగదారుల ఫోను లైనుకు ఫిర్యాదు చేశాను. ఇదే బస్సులో ఇలాగే నష్టపోయినవారు పసుపు కూపన్ ఫోటో దాచుకుని నాకు సందేశం పంపితే, వివరాలన్నీ ఒకేచోట చేర్చి ఇస్తాను.