వయసు పెంచాలా, పన్ను పెంచాలా, విడి సిగరెట్లు ఆపాలా: ఏది మేలు?

పిల్లలు సిగరెట్ ముట్టకుండా ఏ చట్టం బాగా అడ్డుకుంటుందని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పదే పదే అడుగుతున్నారు. నా మొగ్గు విడి సిగరెట్ల నిషేధం వైపే.

కొనే వయసును 21కి పెంచడం మంచిదే. సింగపూర్ 2021లో, కర్ణాటక 2025లో ఆ పని చేశాయి. ఇంటర్ కుర్రాడికి సిగరెట్ అందించేది చాలాసార్లు డిగ్రీ చదివే సీనియరే కాబట్టి ఆ దారి కొంత మూసుకుంటుంది. కానీ 18 ఏళ్ల లోపు వారికి అమ్మరాదని, విద్యాసంస్థకు వంద గజాల లోపు అమ్మరాదని 2003 నాటి కేంద్ర పొగాకు నియంత్రణ చట్టం, కోట్పా, ఏనాడో చెప్పింది. కిళ్లీ కొట్టులో వయసు అడిగేవారే లేనప్పుడు అంకె మారినంత మాత్రాన ఏం మారుతుంది?

పన్ను పెంపు ఇంతకంటే బలమైనది. ధర పెరిగితే ముందుగా వెనక్కి తగ్గేది డబ్బుకు తడుముకునే కుర్రాళ్లే. అయితే విడిగా కొనేవాడికి ఆ పెంపు ఒక్కో సిగరెట్‌కు కొద్ది రూపాయలే. పైగా బీడీలపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబరులో నిర్ణయించారు. ఇది నాకు మింగుడుపడలేదు.

ఇక విడి అమ్మకం. ప్యాకెట్‌పై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 నుంచి అమలులో ఉంది. విడిగా కొన్న కుర్రాడి చేతికి ఆ బొమ్మ రాదు. సిగరెట్ ఒక్కటే వస్తుంది, ముట్టించుకోవడానికి దారానికి వేలాడే లైటర్ అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ప్యాకెట్ కొన్నవాడు దాన్ని దాచుకోవాలి. ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులో అది అమ్మ కంట పడుతుంది. విడి సిగరెట్ మాత్రం కొట్టు పక్కనే కాలిపోతుంది, ఇంటిదాకా రాదు.

తనిఖీ కూడా తేలికే. కొన్నవాడి వయసు తేల్చాలంటే పత్రాలు కావాలి; విప్పిన ప్యాకెట్ బల్ల మీద కంటికి కనిపిస్తుంది. మహారాష్ట్ర 2020లోనే విడి అమ్మకాన్ని నిషేధించింది, తనిఖీలు లేనిచోట అమ్మకాలు సాగుతున్నాయి. రోజుకు రెండు కాల్చే పెద్దలు ప్యాకెట్ కొని ఎక్కువ కాల్చవచ్చన్న భయమూ కొట్టిపారేయదగినది కాదు. అయినా కొత్తగా అలవాటు పడే పదిహేనేళ్లవాడే నాకు ముఖ్యం.

ఈ-సిగరెట్లను 2019లోనే దేశమంతటా నిషేధించారు, దానిపై వాదన అక్కర్లేదు.

హుక్కా పార్లర్లను నిషేధించడానికి తెలంగాణ శాసనసభ 2024లో కోట్పాకు సవరణ చేసింది. విడి సిగరెట్లకూ అలాంటి సవరణే రెండు తెలుగు రాష్ట్రాలూ తేవాలి.