జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్: నాన్నతో మూడు రోజులు

అమెరికాలో ఇంగ్లీషువాళ్లు నిలదొక్కుకున్న మొదటి ఊరు జేమ్స్‌టౌన్. వర్జీనియాలో ఆ పేరుతో రెండు చోట్లు ఉన్నాయి. అది తెలియక మొదటిరోజు పొద్దున్నే గంటన్నర పోగొట్టుకున్నాం. జీపీఎస్ తీసుకెళ్లింది జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్‌కి. అది రాష్ట్రం నడిపే మ్యూజియం. 1607లో వాళ్లు వచ్చిన మూడు ఓడల నమూనాలు అక్కడి నీళ్లలో ఉంటాయి, పిల్లలు ఎక్కి తిరగొచ్చు. అసలు కోట కట్టిన నేల అక్కడికి దగ్గర్లోనే, నదిలోని దీవి మీద ఉంది. దాని పేరు హిస్టారిక్ జేమ్స్‌టౌన్. టికెట్లు వేరు. నేషనల్ పార్క్ పాస్ ఉన్నా, తవ్వకాలు జరిపే సంస్థకి కట్టే రుసుము విడిగా ఉంటుంది. మరీ చిన్నపిల్లలుంటే మొదటిది బాగుంటుంది. ఒక్కటే చూడగలమంటే మాత్రం రెండోదానికే వెళ్లమంటాను.

ఎందుకంటే అక్కడ ఇంకా తవ్వుతూనే ఉన్నారు. కోటని నది ఎప్పుడో కోసేసిందని చాలాకాలం అనుకున్నారట. 1994లో తవ్వడం మొదలుపెట్టాక గోడ గుంజల ఆనవాళ్లు బయటపడ్డాయి. మేం వెళ్లినప్పుడు ఇద్దరు గోతిలో మోకాళ్ల మీద కూర్చుని తాపీతో పొరపొరగా మట్టి గీస్తున్నారు. ఏం కనిపిస్తోందని నాన్న అడిగితే, అందులో ఒకమ్మాయి ఎర్రమట్టిలో పళ్లెమంత నల్లటి మరక చూపించింది. గుంజ కుళ్లిపోయింది, అది పాతిన గొయ్యి రంగు మాత్రం మిగిలింది. నాన్న అక్కణ్ణుంచి అరగంట కదల్లేదు.

"ఇంగ్లీషువాళ్లు మన బందరులో దిగింది 1611లో కదరా, నాలుగేళ్లే తేడా" అన్నారు. నిజమే. జేమ్స్‌టౌన్‌ని పెట్టింది కూడా రాజు సైన్యం కాదు, లండన్ వ్యాపారుల వర్జీనియా కంపెనీ. దాన్ని నడిపించిన సర్ థామస్ స్మైత్ ఈస్టిండియా కంపెనీకీ గవర్నరే.

లోపల మ్యూజియంలో పద్నాలుగేళ్ల అమ్మాయి పుర్రె ఉంది. 1609-10 చలికాలంలో కోటలో సుమారు 300 మంది ఉంటే వసంతానికి 60 మంది మిగిలారు. ఆ పుర్రె మీద కత్తిగాట్లు ఉన్నాయి, ఆకలికి ఏం చేశారో అవే చెబుతాయి. మా అమ్మాయికి పదమూడు. చూసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అడగలేదు.

1619 జులైలో వలసవాళ్లు ఎన్నుకున్న ప్రతినిధుల సభ మొదటిసారి కూర్చున్నది ఇక్కడి చర్చిలోనే. అదే ఏడాది ఆగస్టు చివర్లో, నది సముద్రంలో కలిసే వైపు, ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లని ఓడలో తెచ్చి అమ్మారు. ఆ రోజుల్లో వచ్చిన ఏంజెలా అనే ఆమె బతికిన ఇంటి చోటు కూడా తవ్వారు. రెండు సంగతులూ ఒకే నేల మీద, ఏదీ దాచకుండా చెబుతున్నారు. ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ నచ్చింది అదే.

బస విషయానికొస్తే, విలియమ్స్‌బర్గ్‌లో మేం దిగిన హోటల్‌లో గదంతా చెమ్మవాసన, ఏసీ రాత్రంతా మోత. మర్నాడు గది మార్చారు గానీ ఒక రాత్రి నిద్ర పాడైంది. రివ్యూలు చూసి బుక్ చేసుకోండి. అక్కడ పద్దెనిమిదో శతాబ్దంలో ఉన్నట్టే నిలబెట్టిన పాతఊళ్లోని టావెర్న్‌లలో (పాతకాలపు భోజనశాలల్లో) శాకాహారం తక్కువ. పులిహోర, పెరుగు వెంట తెచ్చుకోవడం మంచిదైంది. జులైలో వెళ్తే నీళ్లు, టోపీ, దోమల మందు తప్పనిసరి.

విలియమ్స్‌బర్గ్‌లో వీధుల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, ఇళ్లలోకీ గవర్నర్ ప్యాలెస్‌లోకీ వెళ్లడానికే కావాలి. ప్యాలెస్ కంటే ఇటుకలు చేసే ఆవరణ నాకు గుర్తుండిపోయింది. ఎండాకాలంలో వచ్చినవాళ్లని చెప్పులు విప్పి బంకమట్టి తొక్కనిస్తారు. మా పిల్లలు మోకాళ్లదాకా మట్టి పూసుకుని నవ్వుతుంటే, అమెరికా విప్లవం నాటికి ఈ ఊరి జనంలో సగానికి పైగా నల్లవాళ్లనీ, వాళ్లలో ఎక్కువమంది బానిసలేననీ అక్కడాయన చెప్పాడు. పిల్లలు ఒక్కసారి ఆగి కాళ్ల వంక చూసుకున్నారు. నాకు ఒడిశా నుంచి పిల్లాపాపలతో తెలంగాణ ఇటుక బట్టీలకి వచ్చే కుటుంబాలు గుర్తొచ్చాయి. అడ్వాన్సు తీర్చేదాకా కదలలేని పని అది. ఆ రాత్రి పిల్లలకి దాని గురించీ చెప్పాను.

మూడోరోజు యార్క్‌టౌన్. కలోనియల్ పార్క్‌వే అందమైన దారి, కానీ దాని మీద పెట్రోల్ బంకులు ఉండవు, ముందే నింపుకోండి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781 అక్టోబర్ 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సైన్యం ఆయుధాలు పడేసిన మైదానం ఇప్పుడు ఖాళీ గడ్డి. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన రాలేదు, తన కింది అధికారిని పంపాడు. అయిదేళ్లకి గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగాడు. 1793లో బెంగాల్లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతే 1802లో మన ఉత్తర సర్కారులకీ వచ్చింది. "మా తాత జమీందారుకి కట్టిన శిస్తుకి మూలం ఇదన్నమాట" అన్నారు నాన్న. కంచె దగ్గర నిలబడి ఆ గడ్డి వైపు చాలాసేపు చూశారు. ఫొటో తీస్తానంటే వద్దన్నారు.