గుంటూరులో ఉచిత క్యాన్సర్ స్క్రీనింగ్: పరీక్షకు మంచి మార్కులే, కాగితానికే కోత

'గర్భసంచికి పుండు పడింది, తీయించకపోతే క్యాన్సర్' అన్న మాట మన జిల్లాలో వినని ఆడమనిషి తక్కువ. గర్భసంచి ఆపరేషన్లలో దేశంలోనే ముందుండే రాష్ట్రం మనది. ఆ మాట విని ముప్పై అయిదేళ్లకే తీయించుకున్నవాళ్లు ఊరికొకరైనా ఉంటారు. అలాంటి ఊళ్లో 'ఉచితంగా క్యాన్సర్ పరీక్ష, రండమ్మా' అని ఏఎన్ఎం పిలిస్తే తలుపు సగమే తెరుచుకోవడంలో వింతేమీ లేదు. ఏం జరగాలో తెలుసుకుని వెళ్తే మాత్రం ఈ సేవ నమ్మదగ్గదే.

ప్రభుత్వ స్క్రీనింగ్‌లో చూసే క్యాన్సర్లు మూడు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. 2024 నవంబరులో మొదలైన, అంటువ్యాధులు కాని జబ్బుల ఎన్‌సీడీ 3.0 సర్వేలో బీపీ, షుగర్‌తో పాటు ఇంటింటికీ వచ్చి అడిగింది వీటి గురించే. ఊపిరితిత్తులు, పొట్ట, రక్తం జోలికి ఇది వెళ్లదు. కాబట్టి ఇది అయ్యాక 'నాకు ఏ క్యాన్సరూ లేదు' అనుకోకూడదు.

నోటి పరీక్షకు టార్చిలైటు, గ్లవుజులు చాలు. కట్టుడు పళ్లు తీయించి బుగ్గల లోపలి వైపు, చిగుళ్లు, అంగిలి, నాలుక పక్కలు, నాలుక కింద చూడాలి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే రాసుకోవాలి. గుట్కా, ఖైనీ వేసేవాళ్లకు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకుంటోందా అన్నదీ చూడాలి. రొమ్ము పరీక్షలో మధ్య మూడు వేళ్ల మెత్తని భాగంతో పైపైన, కాస్త గట్టిగా, లోతుగా నొక్కుతూ చంక దాకా, మెడ కింది ఎముక (కాలర్ బోన్) పై దాకా తడమాలి. చీర మీద నుంచే చెయ్యి ఆనించి 'ఏం లేదులేమ్మా' అంటే అది పరీక్ష కిందికి రాదు, మళ్లీ చేయమని అడగండి.

అసలు పనితనం తెలిసేది మూడోదైన గర్భాశయ ముఖద్వారం పరీక్షలోనే. యోని దారిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టి, ముఖద్వారానికి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం దూదితో అద్ది, నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్న చోట తెల్లగా, అంచు తెలిసేలా మచ్చ కడుతుంది. 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపిన ఈ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాల్సిందే. మూత సరిగా పెట్టని సీసాలో మిగిలింది మర్నాడు వాడితే ఘాటు తగ్గి, తెల్లబడాల్సింది తెల్లబడదు. నిమిషం ఆగకపోయినా, లైటు పసుపు రంగుదైనా అదే ఇబ్బంది. క్యాంపులో జనం ఎక్కువ, స్పెక్యులమ్‌లు తక్కువ అయితే స్టెరిలైజ్ చేసే టైము మీద కోత పడుతుంది. 'ఇది స్టెరిలైజ్ చేసిందేనా సిస్టర్?' అని అడగడానికి మొహమాటం వద్దు.

నెలసరిలో వెళ్లకండి. రెండు రోజుల ముందు నుంచి లోపల పెట్టుకునే మందులు మానేయండి. గర్భిణులకు వాయిదా, కాన్పయ్యాక 12 వారాలు ఆగాలి. ముట్లుడిగినవాళ్లలో చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది గనుక ఈ పరీక్ష అంత నమ్మకం కాదు, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ గానీ, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ కోసం చేసే హెచ్‌పీవీ పరీక్ష గానీ మేలు. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

తెల్లబడిందంటే క్యాన్సర్ అని కాదు. ఇన్‌ఫెక్షన్‌కు కూడా తెల్లబడుతుంది. తర్వాత మెట్టు ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే కాల్‌పోస్కోపీ, అవసరమైతే చిన్న ముక్క తీసి ల్యాబులో చూసే బయాప్సీ. క్యాన్సర్ కాకముందు దశలోని మార్పులైతే వేడి ప్రోబ్‌తో ఆ మచ్చ వరకే మాడ్చేస్తారు, మత్తు ఇచ్చి కోసే పని చాలామందికి ఉండదు. బయాప్సీ లేకుండా, ఈ ఒక్క పరీక్ష చూసి ఎవరైనా 'తీసేద్దాం' అంటే లేచి వచ్చేయండి. పాత భయం వదలాలంటే ఈ సంగతి పరీక్షకు ముందే చెప్పాలి. చాలా చోట్ల బల్ల దిగాక చెబుతారు, అప్పటికి ఆమె చెవిలో 'క్యాన్సర్' ఒక్కటే మిగులుతుంది.

మార్కులు తగ్గేది రెఫరల్ దగ్గర. ఫలితం నోటిమాటగా చెప్పి పంపేస్తే అయిదేళ్లకు మళ్లీ రావాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. తేదీ, ఏం కనిపించింది, ఎక్కడికి పంపారు అన్నవి రాసిన చీటీ తీసుకోనిదే కదలకండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆ చీటీ, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని వెళ్తే పని సులువు. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్సకు అనుమతి కావాలంటే బయాప్సీ రిపోర్టు అడుగుతారు. దాన్ని ప్రైవేటులో చేయిస్తే 'ఉచితం' అక్కడే ఆగి, జేబు తెరుచుకుంటుంది. ప్రభుత్వాసుపత్రిలోనే చేయించుకోండి.

టైమింగ్స్ సంగతీ చెప్పాలి. పది నుంచి నాలుగు దాకా పెట్టే క్యాంపుకి, మిరప కోతల్లో తెల్లారకముందే ఆటో ఎక్కే కూలీలు ఎలా వస్తారు? ఆదివారం పెట్టినా కొంత నయం.

ప్రైవేటు ఉచిత క్యాంపుల్లో 'క్యాన్సర్ రక్తపరీక్ష, సగం ధరకే' అంటారు చూడండి, సీఏ-125 లాంటివి. ఏ లక్షణమూ లేని మనిషికి అవి స్క్రీనింగ్ పరీక్షలు కావు. మామూలు గడ్డలకీ, నెలసరికీ కూడా పెరుగుతాయి. ఆ డబ్బు ఖర్చు పెట్టకండి.