శాలిహుండం దారిలో పడిపోయిన వరి

నవంబరులో మేనల్లుడితో కలిసి రెండు రోజులు శ్రీకాకుళం వెళ్లాను. బస్ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం రెండుసార్లు అడిగితే గానీ రాలేదు. అరసవల్లి ఆలయానికి తెల్లవారుజామునే వెళ్లడం మేలు. కొండ మీద పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండానికి ఆటోను రానుపోను మాట్లాడుకోండి, కొండ కింద మాకు వేరే బండి కనబడలేదు. మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

దారిలో ఒక మడిలో వరి గుండ్రంగా నేలకు ఒరిగి ఉంది. "మామయ్యా, ఇంగ్లండు పొలాల్లోనూ ఇలాగే వలయాలు పడతాయి. అవి మనుషుల పని కాదట, ఆకాశం నుంచి వచ్చినవాళ్ల పనట!" అన్నాడు మావాడు. గట్టు మీది రైతు విన్నాడు. "గాలివానకు పడింది బాబూ. యూరియా ఎక్కువైన చోట ముందు పడుతుంది" అన్నాడు.

ఇంగ్లండులోనూ టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ పరిశోధకుడు సుడిగాలులే కారణమన్నాడు. కానీ గాలికి ఒరిగిన చేనుకు అంచు చెదిరి ఉంటుంది. అక్కడి వలయాలకు గీత గీసినట్టుండే అంచు, రానురాను చిక్కుముడి లాంటి ఆకారాలు. 1991లో డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే మిత్రులు అసలు సంగతి చెప్పారు: 1970ల నుంచి చెక్క పలక, తాడు, టోపీకి కట్టిన తీగ చుట్టతో రాత్రిపూట తామే చేస్తున్నామని. విలేఖరుల కోసం వాళ్లు చేసిన వలయాన్ని చూసి, ఈ విషయంలో పేరున్న పాట్ డెల్గాడో అది మనుషుల పని కాదన్నాడు!

మావాడు ఊరుకోలేదు. "2001లో ఇంగ్లండులోని మిల్క్ హిల్ అనే చోట పొలంలో 409 వృత్తాలు పడ్డాయి. అవి ఎవరు చేశారు?" ఎవరు చేశారో తేలకపోవడం వేరు, మనుషులు చేయలేదని తేలడం వేరు అన్నాను.

కొండ మీద ఇటుకల స్తూపాల దగ్గర నిలబడితే వంశధార కనిపిస్తుంది. ఈ చోటును 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. బండి చక్రంలా, మధ్య నుంచి అంచుకు వెళ్లే ఆకులతో సహా పేర్చిన ఇటుకల పునాది దగ్గర చాలాసేపు ఆగాం. ఎండలో ఇటుకలు మోసి ఇంత గుండ్రంగా నిలబెట్టిన చేతులకు దక్కవలసిన పేరును ఆకాశానికి అంటగడితే నాకు ఒళ్లు మండుతుంది. మావాడు మాట్లాడకుండా ఆకులు లెక్కపెట్టాడు.

తిరిగి వస్తుంటే ఆ రైతు దంపతులు పడిన దుబ్బులను నాలుగేసి చొప్పున లేపి కడుతున్నారు. ఆటో ఆపించి మావాడు మడిలోకి దిగాడు.