కుక్ కౌంటీ జైల్లో బి.బి. కింగ్: పన్నెండేళ్లు విన్నాక

అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ లైవ్ ఆల్బమ్ ఏది కొనాలని అడిగితే తెలిసినవాళ్లు 'లైవ్ ఎట్ ద రీగల్' అంటారు. 1964లో షికాగో రీగల్ థియేటర్లో రికార్డయింది. నేనూ ముందు అదే కొన్నాను. 'లైవ్ ఇన్ కుక్ కౌంటీ జైల్' ఆ తర్వాత పాత సీడీల గుట్టలో దొరికింది. పన్నెండేళ్లలో గీతలు పడి అరిగింది మాత్రం ఈ రెండోదే.

2003లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా వేసినప్పుడు రీగల్‌కి 141 ఇచ్చి, దీన్ని 499లో కూర్చోబెట్టింది. ఆఖరి బెంచీ! 1971లో విడుదలైనప్పుడు ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) ఆల్బమ్‌ల చార్టులో ఇదే మొదటి స్థానానికి వెళ్లిందన్న సంగతి ఎందరికి గుర్తుందో.

కచేరీ జరిగింది 1970 సెప్టెంబరు 10న, షికాగోలోనే. ఇంకో ఆరు రోజులైతే కింగ్‌కి 45 నిండుతాయి. ఎదురుగా రెండు వేలకు పైగా ఖైదీలు. పాట మొదలవకముందే వ్యాఖ్యాత షెరీఫ్‌ని (ఆ కౌంటీ పోలీసు పెద్ద) పరిచయం చేస్తే 'బూ' అని ఒక్కటే గోల. జడ్జి పేరుకీ అదే మర్యాద. దాన్ని కత్తిరించకుండా ఉంచినవాళ్లకు దండం పెట్టాలి. ఆ గోల చెవిలో ఉండగానే 'ఎవ్రీ డే ఐ హావ్ ద బ్లూస్' తరుముకొస్తుంది, రెండు నిమిషాలు కూడా ఉండదు.

నాకు నచ్చనిదీ ఉంది. 'వర్రీ, వర్రీ, వర్రీ' దాదాపు పది నిమిషాలు, అందులో కబుర్లే ఎక్కువ. హరికథలో పిట్టకథలా మొదటిసారి బాగుంటుంది. వందోసారి వేలు దానంతటదే తర్వాతి పాట మీదకి పోతుంది.

అసలు సరుకు 'ద థ్రిల్ ఈజ్ గాన్'. స్టూడియో పాటలో వెనక వయొలిన్ల దుప్పటి ఉంటుంది. ఇక్కడ అది లేదు, ఆ చోటు బూరలకి దక్కింది. పాడేటప్పుడు కింగ్ గిటార్ ముట్టడు. గొంతు ఆగాకే లూసిల్ (ఆ గిటార్ పేరు) అందుకుంటుంది. ఒక్క తీగ మీద వేలు వణికించి అతను తీసే స్వరానికి నేను గమకం అనే పేరే పెట్టుకున్నాను. మంచి హెడ్‌ఫోన్స్‌లో వింటే ఒక స్వరం పూర్తిగా చల్లారేదాకా ఇంకోటి మీటడని తెలుస్తుంది. ఈ నిదానం రీగల్‌లో తక్కువ. అక్కడ జనం కేకలు అతన్ని పరుగెత్తిస్తాయి.

ఇప్పుడు ఫోన్లోనే వింటున్నాను. షఫుల్ (పాటల వరస తారుమారు చేసేది) ఆపి వినండి. ఓసారి మర్చిపోయాను, 'స్వీట్ సిక్స్‌టీన్' అయిపోగానే షెరీఫ్ గారికి మళ్లీ బూలు పడ్డాయి.